పాత స్ప్లెండర్ ఆయిల్ మూత కింద తెల్లటి జిగురు: హెడ్ ప్యాకింగ్ పోయినట్టేనా?

పానగల్_ప్లస్ | నల్లగొండ

అందరికి నమస్తే. బండి మా నాయినది, 2005 స్ప్లెండర్ ప్లస్. ఇప్పుడు నేనే నడుపుతున్న. మొన్న వాటర్ సర్వీసింగ్ చేయించుకొచ్చినంక ఆయిల్ చూద్దామని మూత తిప్పితే, లోపలి దిక్కు మరల సందులల్ల తెల్లగ, కొంచెం పసుపు కలిసిన జిగురు పట్టి ఉన్నది. ఆయిల్ మట్టం కొలిచే డిప్‌స్టిక్‌కు అంటిన ఆయిల్ కూడా పాల చాయ్ రంగుకు తిరిగింది. ఇంకో సంగతి, ఆయిల్ పై గీత దాటి ఉన్నది. నేను ఒక్క చుక్క పొయ్యలే. మరి ఎట్ల పెరిగింది?

బండి తిరిగేది తక్కువ. పొద్దున పానగల్ నుంచి గడియారం సెంటర్ల షాపు దాక, రాత్రికి మళ్ళ ఇంటికి. షెడ్డుల చూపిస్తే "హెడ్ ప్యాకింగ్ లేచింది, నీళ్ళు ఇంజన్లకు దిగుతున్నయి. ఇంజన్ దింపాలె, ఎట్లయిన దింపుతున్నం కాబట్టి బోరు కూడ చేపిద్దాం" అన్నరు. హెడ్ ప్యాకింగ్ అంటే సిలిండర్‌కు, దాని మీది హెడ్డుకు నడుమ పెట్టే పల్చటి పొర, బోరు చేసుడంటే అరిగిన సిలిండర్‌ను కోసి సాపు చేసుడు అని చెప్పిండ్రు. తొమ్మిది వేలు దాక అయితదట. పొగ లేదు, పికప్ మంచిగనే ఉన్నది. దింపనియ్యాల్నా?

షెడ్డు_కాక | మిర్యాలగూడ

తమ్మీ, జర ఆగు. పైసలియ్యకు.

నీది గాలికి చల్లారే ఇంజన్. రేడియేటర్ లేదు, హెడ్డుల నీళ్ళ దారే లేదు. ప్యాకింగ్ లేస్తే నీళ్ళు ఏడికెళ్లి దిగుతయి? కారుకు, ట్రాక్టర్‌కు ఆ మాట చెల్లుతది గానీ స్ప్లెండర్‌కు కాదు. దీనికి హెడ్ ప్యాకింగ్ పోతే లక్షణాలు వేరే ఉంటయి. హెడ్డుకు బోరుకు నడుమ ఆయిల్ చెమరుస్తది, దాని మీద దుమ్ము పట్టి నల్లగ పేరుకుంటది, కిక్కు లూజయితది, ఎక్కేటప్పుడు టపటప గాలి కొట్టిన సప్పుడొస్తది. నీకు అవేవీ లేవంటున్నవు.

నీళ్ళు వచ్చినయి నిజమే, ఎట్ల వచ్చినయో చూడాలె. ముందుగాల రెండు ముచ్చట్లు చెప్పు. మూత రబ్బరు రింగు ఎట్లున్నది? ఆయిల్ వాసన చూసినవా, పెట్రోల్ వాసన ఏమన్న కొడ్తుందా?

సాగర్_రోడ్డు | హాలియా

ఇంత ఆలోచన ఎందుకన్నా, అంతా ఈ20, అంటే నూటికి ఇరవై పాళ్ళు ఇథనాల్ కలిపిన పెట్రోల్ పుణ్యం. ఇథనాల్ నీళ్ళను గుంజుకుంటది, ఆ నీళ్ళే ఇంజన్ ఆయిల్లకు దిగుతున్నయి. మా ఊర్లె పాత బండ్లన్నిటికీ ఇదే బాధ. ఇంతకుముందు ఎవరన్న ఆయిల్ మూత కింద తెల్లది చూసిండ్రా?

ఐరన్_బుల్లెట్ | దేవరకొండ

చూసినం తమ్ముడూ, నీ ఈ20 పుట్టకముందు నుంచి చూస్తున్నం. నా పాత ఐరన్ ఇంజన్ బుల్లెట్‌కు చలికాలం వస్తే చాలు, ఇంజన్ లోపలి గాలి బయటికొచ్చే బ్రీదర్ డబ్బాల తెల్లటి నురగ చేరుతది. తీసి తుడుచుడు, మళ్ళ పెట్టుడు. డిండి దాక ఒక్కసారి మంచిగ కొట్టుకొస్తే ఆ తర్వాత కొన్ని రోజులు కనవడదు.

రసాయనం_సార్ | మహబూబ్‌నగర్

షెడ్డు కాక చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం. నేను లెక్క వైపు నుంచి చెప్తాను, కొంచెం ఓపిక పట్టి చదవండి.

పెట్రోల్ అంటే హైడ్రోజన్, కార్బన్ కలిసిన పదార్థాలు. మండితే హైడ్రోజన్ నీళ్ళవుతుంది. ఎంత నీళ్ళు? ఒక లీటరు పెట్రోల్ పూర్తిగా మండితే దాదాపు ఒక లీటరు నీళ్ళు పుడతాయి. చాలామంది నమ్మరు, కానీ లెక్క సూటిగానే ఉంది. ఆక్టేన్‌ని తీసుకుంటే 114 గ్రాములు మండితే 162 గ్రాముల నీళ్ళు వస్తాయి. లీటరు పెట్రోల్ బరువు సుమారు 740 గ్రాములు, గుణించి చూసుకోండి. చలికాలం పొద్దున బండి స్టార్ట్ చేయగానే సైలెన్సర్ చివర్న చుక్కలు పడేది ఆ నీళ్ళే. చిన్న చిన్న దూరాలు తిరిగే బండ్ల సైలెన్సర్ లోపలి నుంచి తుప్పు పట్టేది కూడా వాటి వల్లే.

స్ప్లెండర్ లీటరుకు 60 ఇస్తుందనుకుందాం. అంటే కిలోమీటరుకు 16 మిల్లీలీటర్ల పైచిలుకు నీళ్ళు, ఆవిరి రూపంలో. ఎక్కువ భాగం సైలెన్సర్ నుంచి పోతుంది. కానీ పిస్టన్ రింగుల సందుల్లోంచి కొంత మంట గాలి కిందికి, ఆయిల్ ఉండే క్రాంక్‌కేసులోకి జారుతుంది. కొత్త ఇంజన్‌కైనా ఇది తప్పదు, రింగులు అరిగితే ఇంకా ఎక్కువ. నూటికి ఒక వంతు జారిందనుకుని లెక్క కడదాం. రోజుకు 6 కిలోమీటర్లు తిరిగితే ఒక మిల్లీలీటరు నీళ్ళు ఆయిల్ గదిలోకి చేరతాయి. నెలకు 30. ఉన్న ఆయిలే 900 మిల్లీలీటర్లు. ఒక్క చుక్కా బయటికి పోకపోతే నెలకే మూడు శాతం!

మామూలుగా అలా ఎందుకు పేరుకోదంటే, ఇంజన్ బాగా వేడెక్కితే ఆ నీళ్ళు మళ్ళీ ఆవిరై బ్రీదర్ పైపు గుండా బయటికి పోతాయి. హైవే మీద అరగంట నడిస్తే ఆయిల్ 90 డిగ్రీలు దాటుతుంది. పానగల్ నుంచి గడియారం సెంటర్‌కి ఎంతసేపు? ఆయిల్ గోరువెచ్చన కాకముందే షాపు వస్తుంది. సిలిండర్ కాలుతుంది గాని కింద ఆయిల్ ఇంకా చల్లగానే ఉంటుంది. చెయ్యి పెట్టి సిలిండర్ చూసి "వేడెక్కింది" అనుకుంటాం. ఆవిరి పోయి చల్లటి చోట, అంటే మూత కింద, సైడ్ కవర్ లోపల అంటుకుంటుంది. అక్కడ ఎగిరిపడే ఆయిల్‌తో కలిసి తెల్లబడుతుంది.

రాత్రి గాలిలోని తేమ ఇంజన్లో చేరి నీళ్ళవుతుందని కొందరు రాస్తుంటారు. అది లెక్కలో నిలవదు. 30 డిగ్రీల దగ్గర తేమతో నిండిపోయిన గాలిలో ఘనపు మీటరుకు 30 గ్రాముల నీళ్ళుంటాయి. మన ఇంజన్లో ఖాళీ జాగా మహా అయితే రెండు లీటర్లు. అందులో పట్టేది 0.06 గ్రాములు. చుక్కన్నర కూడా కాదు.

ఇక ఈ20 సంగతి. ఇథనాల్ లీటరు మండితే పుట్టే నీళ్ళు 900 గ్రాములకు కొంచెం పైన, పెట్రోల్‌కి వచ్చేదానికంటే తక్కువే. మైలేజీ కాస్త తగ్గుతుంది కాబట్టి కిలోమీటరుకు లెక్కేస్తే అటూ ఇటూ సమానం. సాగర్ రోడ్డు గారూ, ఇథనాల్ నీళ్ళను లాక్కుంటుందన్నది నిజమే. దాని దెబ్బ ట్యాంకు మీద, కార్బురేటర్ మీద పడుతుంది. నీళ్ళు ఎక్కువైతే ఇథనాల్‌ను వెంటబెట్టుకుని ట్యాంకు అడుగుకు దిగి విడిపోతాయి, అక్కడ తుప్పు మొదలవుతుంది. ఆయిల్ మూత కింద తెల్లదనానికి మొదటి దోషి మాత్రం అది కాదు.

పానగల్_ప్లస్ | నల్లగొండ

సార్, మీ లెక్క చదివి మా నాయినకు కూడ వినిపించిన. లీటరుకు లీటరు నీళ్ళంటే "బంకోడు ఆ నీళ్ళు ముందుగాల్నే కలిపి అమ్ముతుండేమో" అంటుండు.

కాకా, పెట్రోల్ వాసన లేదు. రబ్బరు రింగు చూసిన. గుండ్రంగ ఉండాల్సింది ఒక దిక్కు బల్లపరుపు అయింది, గోరుతో గీకితే పెచ్చు లేచింది. మూత ఆఖరు దాక బిగించినా వేలుతో ఊపితే కదులుతున్నది.

షెడ్డు_కాక | మిర్యాలగూడ

దొరికింది. సర్వీసింగ్ పిల్లగాడు గన్నుతోని ఇంజన్ మీద కొట్టేటప్పుడు అడ్డం నిలువు చూడడు. ఆ మూత కుడి దిక్కు కవర్ మీద ఎదురుంగనే ఉంటది. బండి నడిపిచ్చుకుంట పోయి వేడి మీదనే నీళ్ళు కొట్టిస్తరు. వేడి ఇంజన్ ఒక్కసారిగ చల్లబడితే లోపలి గాలి ముడుచుకుంటది, మూత సందుకెళ్లి, బ్రీదర్‌కెళ్లి నీళ్ళను లోపలికి గుంజుకుంటది. ఇది నేను షెడ్డుల చానా సార్లు చూసిన.

రసాయనం_సార్ | మహబూబ్‌నగర్

మీరు మొదటి పోస్టులోనే రాసిన ఒక మాట దీన్ని తేల్చేస్తుంది. ఆయిల్ పై గీత దాటిందన్నారు కదా. మంటలో పుట్టిన తేమతో ఆయిల్ తెల్లబడుతుంది గాని గీత దాటేంత పెరగదు. అంత పెరిగిందంటే బయటి నీళ్ళైనా ఉండాలి, పెట్రోలైనా ఉండాలి. పెట్రోల్ కాక్ మూయకుండా వదిలేస్తే, కార్బురేటర్ నీడిల్ అరిగి ఉంటే, రాత్రంతా కొంచెం కొంచెం సిలిండర్లోకి, అక్కడినుంచి కిందికి దిగే బండ్లున్నాయి. అప్పుడు ఆయిల్ పల్చబడుతుంది, వాసన కొడుతుంది, కానీ తెల్లబడదు. మీదాన్లో వాసన లేదు. కాబట్టి మూత కింది జిగురు ఎప్పటినుంచో ఉన్నది, షాపుకు తిరిగే తిరుగుడు వల్ల. డిప్‌స్టిక్ మీద పెరిగింది మొన్నటి సర్వీసింగ్ నీళ్ళు. రెండు వేరువేరు సంగతులు ఒకేసారి కనబడ్డాయి.

ఆయిల్ దింపేటప్పుడు పారబోయకుండా అడుగు కనబడే ప్లాస్టిక్ సీసాలో పట్టండి. ఒక రాత్రి కదపకుండా పెట్టండి. ఆయిల్లో మురికిని పట్టి ఉంచడానికి కలిపే మందులుంటాయి, అవి నీళ్ళను కూడా కొంతవరకు పట్టుకుంటాయి. అందుకే కొద్ది నీళ్ళైతే విడిపోకుండా తెల్లగా అలాగే ఉంటాయి. ఎక్కువైతే అడుగుకు దిగి గీత కనబడుతుంది.

ఆర్ఎక్స్_పిచ్చి | జడ్చర్ల

సార్, ఇంకో పరీక్ష ఉంది కదా. పాత రేకు మూత స్టవ్ మీద బాగా కాల్చి ఒక చుక్క ఆయిల్ వేస్తే, నీళ్ళుంటే చిటపటమంటది, లేకుంటే ఊరికే పొగొస్తది. కంటికి అద్దాలు పెట్టుకొని, ఇంటి బయట చేయాలె. మా ఇంట్ల వంటింట్ల చేసినందుకు నన్ను పంచాయతీకి పెట్టిండ్రు.

నా సందేహం ఏందంటే, నా ఆర్ఎక్స్ 100కు కూడా ఈ వానాకాలం గేర్ ఆయిల్ తెల్లబడ్డది. టూ స్ట్రోక్‌ల మంట గాలి కిందికి దిగుడు ఉండదు కదా?

షెడ్డు_కాక | మిర్యాలగూడ

ఉంటది గానీ గేర్ బాక్సులకు రాదు. టూ స్ట్రోక్‌ల క్రాంకు గది వేరు, గేరు గది వేరు. నడుమ ఆయిల్ సీలు. క్రాంకు గదిలకు పెట్రోల్, గాలి, పెట్రోల్‌తో కలిసి కాలే టూటీ ఆయిల్ వచ్చి మళ్ళ పైకి పోయి కాలిపోతయి. గేరు గదిల ముప్పావు లీటరు లోపు ఆయిల్ దానంతట అది ఉంటది. అందుకని నీ బండిల నీళ్ళొస్తే దాదాపు బయటికెళ్లే. కిక్ షాఫ్టు సీలు చూడు, ఆయిల్ మూత చూడు, క్లచ్ కవర్ ప్యాకింగ్ మూలలు చూడు. వాగు దాటించినవా?

ఆర్ఎక్స్_పిచ్చి | జడ్చర్ల

చెరువు అలుగు పోస్తుంటే రోడ్డు మీద నుంచి నడిపించిన కాకా, ఫుట్ రెస్టు మునిగేదాక. అందరూ పోతుండ్రు, నేను పోయిన.

షెడ్డు_కాక | మిర్యాలగూడ

గంతే. సీలు మార్చు, ఆయిల్ మార్చు, అయిపాయె. కుడి దిక్కు క్రాంకు సీలు మాత్రం వేరే ముచ్చట. అది పోతే గేర్ ఆయిల్‌నే ఇంజన్ తాగుతది. తెల్లగ గుప్పుగుప్పున పొగొస్తది, గేర్ ఆయిల్ తగ్గుతది. తెల్ల ఆయిల్‌కు, తెల్ల పొగకు ముడిపెట్టి బోరు చేయించకు.

నాన్న_సీడీ100 | వనపర్తి

నేను టీచర్‌ని. నాన్నగారి సీడీ 100 ఇంట్లో ఉంచుకున్నాను, అమ్మబుద్ధి కాలేదు. రోడ్డెక్కేది తక్కువ. పాడవకుండా ఉండాలని ఆదివారం ఆదివారం స్టాండ్ మీదే స్టార్ట్ చేసి ఐదు నిమిషాలు ఉంచి ఆపేస్తాను. దీని మూత కింద కూడా తెల్లగానే ఉంది. రబ్బరు రింగు కొత్తదే వేయించాం. బండిని కడిగింది కూడా లేదు, తడిగుడ్డతో తుడవడమే. సార్ చెప్పిన లెక్క ప్రకారం నేను ప్రతివారం నీళ్ళు పోస్తున్నట్టేనా?

రసాయనం_సార్ | మహబూబ్‌నగర్

మేడం, అక్షరాలా అంతే. చల్లటి ఇంజన్ ఐడిల్‌లో ఐదు నిమిషాలు నడవడం కంటే ఆయిల్‌కి చెడ్డది లేదు. చోక్ వేసి నడుపుతాం కాబట్టి మండని పెట్రోల్ కూడా కొంత కిందికి జారుతుంది. ఆయిల్ ఎన్నడూ వేడెక్కదు. తీసుకుపోయి కొత్తకోట దాకానో, ఇంకా అవతలికో అరగంటకు తక్కువ కాకుండా నడిపి రండి. నడిపే వీల్లేకపోతే ఆ వారం స్టార్ట్ చేయకండి, నష్టం లేదు. నెలల తరబడి ఆపి పెట్టాలంటే కొత్త ఆయిల్ పోసి, ఒకసారి బాగా నడిపి, ఆపై కదపకుండా ఉంచడమే మేలు. పాత ఆయిల్‌తో నిలబెట్టొద్దు.

ఎందుకంటే నీళ్ళు ఒక్కటే అయితే ఇంత భయం లేదు. మంటలో గంధకం, నత్రజని ఆక్సైడ్లు కూడా పుడతాయి, నీళ్ళతో కలిస్తే ఆమ్లాలవుతాయి. వాటిని విరగగొట్టడానికే ఆయిల్లో క్షారగుణం ఉన్న మందులు కలుపుతారు, తేమ ఎక్కువైతే అవి తొందరగా అయిపోతాయి. 2020 ఏప్రిల్ నుంచి మనకు వస్తున్న బీఎస్ 6 పెట్రోల్లో గంధకం 10 పీపీఎంకి, అంటే పది లక్షల్లో 10 వంతులకు తగ్గింది, అంతకుముందు బీఎస్ 4లో 50 ఉండేది. ఆ మేరకు మేలే. అయినా తక్కువ తిరిగే బండికి కిలోమీటర్లు చూసి కాదు, ఏడాదికొకసారి తేదీ చూసి ఆయిల్ మార్చాలి. ఏడాదికి ఐదు వందల కిలోమీటర్లు తిరిగిన ఆయిల్, హైవే మీద మూడు వేలు తిరిగిన దానికంటే పాడై ఉండొచ్చు.

నాన్న_సీడీ100 | వనపర్తి

ధన్యవాదాలు సార్. స్టాండ్ మీద స్టార్ట్ చేయమని చెప్పింది మా మెకానికే!

షెడ్డు_కాక | మిర్యాలగూడ

అమ్మా, బ్యాటరీ కోసం చెప్పి ఉంటడు. ఐదు నిమిషాల ఐడిల్‌ల బ్యాటరీకి కూడ పెద్దగ ఎక్కేదేం లేదు.

మెకానిక్‌లను అందరూ అంటుండ్రు కాబట్టి మా దిక్కు నుంచి ఒక ముచ్చట. మా దగ్గరికొచ్చే బండ్లల్ల సగం డిప్‌స్టిక్ కొసకు కూడ ఆయిల్ అంటనివే. చైన్ సప్పుడు చేస్తుందని వస్తరు, ఆయిల్ ఎప్పుడు మార్చిండ్రంటే పెండ్లి కంటె ముందు అంటరు. రింగులు అరిగితే తేమ ఎక్కువ దిగుతదని సార్ కూడ చెప్పిండు. పానగల్ తమ్ముని మెకానిక్ హెడ్ ప్యాకింగ్ అన్నది తప్పు, ఒప్పుకుంట. కానీ ఇరవై ఏండ్ల బండికి బోరు చూడాలె అన్న మాట మొత్తానికి తీసెయ్యలేం. బ్రీదర్ పైపు చివర వేలు పెట్టి చూడు తమ్మీ. స్టార్టింగుల ఉన్నప్పుడు గాలి మెల్లగ తగిలితే మంచిగున్నట్టు, ఫట్ ఫట్‌మని గట్టిగ కొడ్తే రింగులు అరిగినట్టు.

ఐరన్_బుల్లెట్ | దేవరకొండ

బ్రీదర్ అన్నరు కాబట్టి నాది వినుండ్రి. ఐరన్ బుల్లెట్‌కు బ్రీదర్‌ల రబ్బరు వాల్వ్ ఉంటది. పిస్టన్ దిగినప్పుడు గాలి బయటికి పోనియ్యాలె, ఎక్కేటప్పుడు లోపలికి రానియ్యొద్దు. అది గట్టిపడి పగిలితే రెండు దిక్కుల గాలి ఆడుతది, లోపల పీడనం పెరిగి ఎక్కడ సందు దొరికితే అక్కడ ఆయిల్ కారుతది. అందరూ ప్యాకింగ్‌లు మారుస్తరు, ఆ రబ్బరును చూడరు.

పోయిన ఎండాకాలం నా బండికి ఆయిల్ కారుడు ఒక్కసారి ఎక్కువైంది. రబ్బరు బానే ఉంది. పైపు ఊదితే గాలి పోతలేదు. సైకిల్ స్పోకు పెట్టి పొడిస్తే మట్టి రాలింది, ఎండిపోయిన సాలీడు కూడ రాలింది. మట్టిగూడు కట్టే కందిరీగ పైపు కొసల ఇల్లు కట్టుకున్నది! గూడు మొత్తం తీసి పైపు పెట్రోల్‌తో కడిగి పెట్టినంక ఆయిల్ కారుడు ఆగింది, డబ్బాల నురగ కూడ తగ్గింది. బండి నెలల తరబడి ఆపి పెట్టేటోళ్ళు ఆ పైపు కొసకు సన్న జాలీ గుడ్డ కట్టుండ్రి. గట్టి గుడ్డ కాదు, గాలి ఆడాలె.

ఇంకోటి, ఐరన్ బుల్లెట్‌కు ప్రైమరీ చైన్‌కేసు ఆయిల్ వేరు, గేర్ బాక్స్ వేరు, ఇంజన్ వేరు. చైన్‌కేసు మూత నడుమ ఒక్క నట్టుతోనే నిలుస్తది, చుట్టూ రబ్బరు. నీళ్ళల్ల దిగితే ముందుగాల మునిగేది అదే. క్లచ్ జారుతుందని ప్లేట్లు మార్చేకంటె ముందు దాంట్ల ఆయిల్ రంగు చూడుండ్రి.

కోదాడ_చిన్నోడు | కోదాడ

మీరంతా చుక్కల లెక్కలు చెప్తున్నరు. 2024 ఆగస్టు ఆఖరున, సెప్టెంబర్ ఒకటో తారీఖున మా కోదాడల నీళ్ళొచ్చినప్పుడు కార్లే కొట్టుకపోయినయి. మా గల్లీల బండ్లు హ్యాండిల్ దాక మునిగినయి. నీళ్ళు తీసినంక పొద్దున్నే అందరూ చేసిన పని కిక్కులు కొట్టుడే. అదే కొంప ముంచింది. సిలిండర్ల నీళ్ళున్నప్పుడు గట్టిగ కిక్కు కొట్టినా, సెల్ఫ్ నొక్కినా నీళ్ళు నలగవు కాబట్టి కనెక్టింగ్ రాడ్ వంగుతది.

మా బాబాయి మెకానిక్, ఆయన చేసిన పద్ధతి రాస్తున్న. బ్యాటరీ మైనస్ వైరు తీసెయ్యాలె. ప్లగ్గు విప్పాలె. విప్పినంక మెల్లగ చేతితోనే కిక్కు నొక్కితే ప్లగ్గు రంధ్రంకెళ్లి నీళ్ళు చిమ్ముతయి, ఎదురుంగ మొహం పెట్టొద్దు. తర్వాత డ్రెయిన్ బోల్టు మెల్లగ వదులు చేస్తే ముందుగాల బురద నీళ్ళు వస్తయి, ఎందుకంటే నీళ్ళు బరువు కాబట్టి అడుగున ఉంటయి. కొద్దిసేపటికి రంగు మారుకుంట తెల్ల ఆయిల్ వస్తది. మొత్తం కారినంక సస్తా ఆయిల్ పోసి, కార్బురేటర్ గిన్నె, ట్యాంకు, గాలి ఫిల్టర్ శుభ్రం చేసి, కొద్దిసేపు నడిపి, అదీ తీసెయ్యాలె. మళ్ళ పొయ్యాలె. తీసిన ఆయిల్ తెల్లగ రాకుండ ఉండేదాక అంతే. ఆఖరుకు మంచి ఆయిల్. ఎన్ని రోజులు ఆలస్యం అయితే బేరింగులు అంత తుప్పు పడతయి, తర్వాత గుయ్యిమని మోత మొదలయితది.

సాగర్_రోడ్డు | హాలియా

సస్తా ఆయిల్ ఎందుకు దండగ, డీజిల్ పోసి తిప్పితే కడిగినట్టు అయితది కదా. మా దగ్గర అందరూ అదే చేస్తరు.

రసాయనం_సార్ | మహబూబ్‌నగర్

డీజిల్ పోసి ఇంజన్ నడపొద్దు. దానికి ఆయిల్‌కుండే జిడ్డు లేదు, బిగ్ ఎండ్, క్యామ్ దగ్గర లోహానికి లోహం రాసుకుంటుంది. అదీగాక ఎంత వంచినా కొంత లోపల మిగిలి కొత్త ఆయిల్‌ను పల్చబరుస్తుంది. నీళ్ళను అది కరిగించుకోదు కూడా.

షెడ్డు_కాక | మిర్యాలగూడ

సార్, మేం కూడ డీజిల్ వాడుతం, అబద్ధం ఎందుకు. కానీ ఇంజన్ స్టార్ట్ చెయ్యం. కవర్ ఇప్పినప్పుడు బ్రష్షుతో కడిగి, గాలి కొట్టి ఆరబెడ్తం. స్టార్ట్ చేసేటోళ్ళు కూడ ఉన్నరు, వాళ్ళకు దండం.

స్ప్లెండర్‌ల ఒక చోటు ఉన్నది, ఆయిల్ మార్చినంత మాత్రాన శుభ్రం కాదు. కుడి దిక్కు క్లచ్ కవర్ లోపల క్రాంకు కొసకు తిరిగే ఆయిల్ ఫిల్టర్ ఉంటది. గిర్రున తిరిగి మురికిని అంచులకు విసిరి పట్టుకుంటది. తేమ తిన్న ఆయిల్ మడ్డి అంత దాంట్లనే చేరుతది. కింద జాలీ కూడ ఉంటది. పానగల్ తమ్మీ, ఒక్కసారి కవర్ ఇప్పిచ్చి అవి రెండూ కడిగిపిచ్చు. కవర్ ప్యాకింగ్ కొత్తది ఎయ్యాలె, పాతది మళ్ళ పెట్టనియ్యకు. తొమ్మిది వేల పని కాదు ఇది.

అడ్మిన్

ఈ20, మైలేజీ, ప్రభుత్వ విధానం మీద వచ్చిన పదకొండు పోస్టులను వేరే చర్చకు మార్చాను. ఇక్కడ ఆయిల్, నీళ్ళు మాత్రమే. సాగర్_రోడ్డు గారూ, అలగకండి, మీ పోస్టులు అక్కడ భద్రంగానే ఉన్నాయి.

పానగల్_ప్లస్ | నల్లగొండ

పని అయింది. రాస్తున్న.

వేరే షెడ్డుకు తీసుకపోయి నేను దగ్గర కూసొని చేయించిన. డ్రెయిన్ బోల్టు వదులు చేయంగనే మొదటి ధార నీళ్ళే, రంగు లేకుండ. ఆ తర్వాత పాల చాయ్. నీళ్ళ సీసాల పట్టి రాత్రంత గూట్ల పెట్టిన. పొద్దుగాల చూస్తే అడుగున వేలు మందం నీళ్ళు, పైన తెల్ల ఆయిల్, ఆ రెండింటి నడుమ గీసినట్టు గీత. సార్ చెప్పింది చెప్పినట్టే.

క్లచ్ కవర్ ఇప్పితే ఆ తిరిగే ఫిల్టర్ల బూడిద రంగు మడ్డి, స్క్రూ డ్రైవర్‌తో గీకితే గానీ రాలే. జాలీల పాత ప్యాకింగ్ ముక్కలు దొరికినయి. బేరింగులకు తుప్పు లేదు. బ్రీదర్ గాలి మెల్లగనే కొడ్తుంది కాబట్టి బోరు జోలికి పోలే. సస్తా ఆయిల్ ఒకసారి పోసి తీసి, తర్వాత కంపెనీ పుస్తకంల ఉన్న గ్రేడ్ పోసినం. షాపాయన కారు ఆయిల్ తక్కువకు ఇస్తనన్నడు గానీ వద్దన్న.

షెడ్డు_కాక | మిర్యాలగూడ

కారు ఆయిల్ వద్దన్నది మంచిగ చేసినవు. మన బండ్ల క్లచ్ ప్లేట్లు ఆ ఆయిల్లనే మునిగి ఉంటయి. కొన్ని కార్ల ఆయిళ్ళల్ల జారుడు మందు కలుపుతరు, ప్లేట్లు పట్టవు. డబ్బా మీద జాసో ఎంఏ గానీ ఎంఏ2 గానీ, అంటే ఆయిల్ల మునిగే క్లచ్‌కు పనికొస్తదనే గుర్తు, ఉన్నదా అని చూసి కొనాలె. ఖాళీ డబ్బాలు కొనేటోళ్ళు తిరుగుతుంటరు, అవి దొంగ ఆయిల్‌కు పనికొస్తయి. మూతకు పొక్క పెట్టి పారెయ్యి.

పానగల్_ప్లస్ | నల్లగొండ

ఇప్పుడు పద్ధతి మార్చిన. సర్వీసింగుల ఇంజన్ మీద గన్ను వద్దని ముందే చెప్తున్న, ఇంజన్ చల్లారినంకనే ఇస్తున్న. షాపు బంద్ ఉన్న రోజు నార్కట్‌పల్లి దాక పోయి వస్తున్న. మూత కింద పల్చటి తెల్ల పొర ఇంకా కొంచెం కనబడుతుంది. డిప్‌స్టిక్ మీద ఆయిల్ మాత్రం తేటగ ఉన్నది, గీత కూడ పెరుగుతలేదు. ఇది పర్వాలేదా సార్?

రసాయనం_సార్ | మహబూబ్‌నగర్

పర్వాలేదు. మూత చల్లటి చోటు, చలి రోజుల్లో పొర పడుతుంది, గుడ్డతో తుడిచేయండి. చూడాల్సింది డిప్‌స్టిక్ మీది రంగు, మట్టం. అవి మారితేనే మళ్ళీ వెతకాలి.

డ్యూక్_పోరడు | షాద్‌నగర్

అన్నా, నాది డ్యూక్ 200. నాకు కూడ ఇట్లనే తెల్లగుంది. నేను కూడ రబ్బరు రింగు మార్చి హైవే మీద కొట్టుకొస్తే సరిపోతదా?

షెడ్డు_కాక | మిర్యాలగూడ

నీది వేరే కథ తమ్మీ, నీ బండిల నీళ్ళున్నయి. ముందు కూలెంట్ డబ్బా చూడు. మట్టం తగ్గుతుంటే వాటర్ పంపు సీలు పోయి ఉండొచ్చు, హెడ్ ప్యాకింగ్ కూడ అయి ఉండొచ్చు. పంపు కింద సన్న రంధ్రం ఉంటది, అక్కడ కూలెంట్ చెమ్మ ఉన్నదా చూసి చెప్పు. అప్పటిదాక హైవే ఎక్కకు. నీది కొత్త చర్చ పెట్టు, ఫోటో కూడ పెట్టు.

ఆర్ఎక్స్_పిచ్చి | జడ్చర్ల

కాకా, కిక్ షాఫ్టు సీలు మార్పిచ్చిన. పాతది చేతిలకు తీసుకుంటే రెండు ముక్కలైంది. ఒక చిన్న డౌట్: స్ప్లెండర్‌కు ఆయిల్ చూసేటప్పుడు డిప్‌స్టిక్ మర బిగించి చూడాల్నా, ఊరికే ఆనించి చూడాల్నా? మా ఇంట్ల అన్న ఒకటంటడు, బావ ఒకటంటడు.

షెడ్డు_కాక | మిర్యాలగూడ

బండి సెంటర్ స్టాండు మీద పెట్టి, ఇంజన్ ఆపి రెండు మూడు నిమిషాలు ఆగి, తుడిచి, మర తిప్పకుండ ఊరికే ఆనించి చూడాలె. మీ బావ ఏమన్నడో నాకు తెల్వదు.

ఆర్ఎక్స్_పిచ్చి | జడ్చర్ల

బిగించాలె అన్నడు. స్క్రీన్‌షాట్ పంపుతున్న.